తిట్లన్నీ సోమమ్మకే

"కండ్లు ఇంట్ల పెట్టొచ్చినవా? చేతగాకుంటే పోయి గేటు బయట కూసో" అని అందరి ముందూ అరిచి, సూపర్‌వైజర్ నవీన్‌కుమార్ సోమమ్మ ఏరిన మూతల ట్రేను బల్ల మీద బోర్లించాడు. సోమమ్మ తల వంచుకుని మళ్లీ మొదటినుంచి ఏరసాగింది. ఎదుటి బల్ల దగ్గరున్న వనజకు ఒళ్లు మండిపోయింది.

పటాన్‌చెరులో మందుల సీసాలకు మూతలు చేసే ఫ్యాక్టరీ అది. పగిలినవీ వంకరపోయినవీ ఏరి పారేయడం వాళ్ల పని. నవీన్‌కుమార్ కొత్తగా వచ్చాడు, ఇంకా పర్మినెంట్ కాలేదు. అయినా వచ్చిన వారంలోనే ఎవరి నాడి ఏమిటో పట్టేశాడు. మూతలు ఏరే కుర్రాడు కుమార్‌కు పొగిడితే గానీ చెయ్యి ఆడదు, అందుకని పొద్దున్నే వాడి భుజం తడతాడు. పాతకాపు చిన్నరాములుకు పని చెబితే పౌరుషం పొడుచుకొస్తుంది. ఆయన్ని మాత్రం "అన్నా, దీన్నెట్ల చేద్దాం?" అని సలహా అడుగుతాడు. ఆయన మురిసిపోయి తానే చేసిపెడతాడు. వనజకు పెత్తనం గిట్టదు. ఆమెకు ఏ పనైనా ఎందుకు చేయాలో ఓపిగ్గా వివరిస్తాడు.

ఇంత తెలిసినవాడికి సోమమ్మ దగ్గరే నోరు ఎందుకు అదుపులో ఉండదు? పెద్దది, ఎదురు చెప్పదు, అదీ అలుసు. తెలియక తిట్టేవాణ్ని క్షమించవచ్చు గానీ, మనిషిని చూసి తిట్టేవాణ్ని క్షమించకూడదని వనజ పళ్లు నూరుకుంది.

భోజనాల దగ్గర కుమార్‌ను కదిపింది. తనతో మంచిగానే ఉంటాడు కదా అన్నాడు వాడు. చిన్నరాములు మనకెందుకులెమ్మని చెయ్యి కడుక్కున్నాడు. ఒక్క తీపి మాటకు అమ్ముడుపోయారని ఇద్దరినీ కడిగేసింది వనజ. సోమమ్మ మాత్రం ఏమీ జరగనట్టు పచ్చిపులుసు కలుపుకుంటూ, కొత్త పోరడు, లైను నడవాలె గద అంది. ఆ నిబ్బరం చూసి వనజకు కోపం రెట్టింపయింది.

మధ్యాహ్నం మళ్లీ అదే తంతు. ఈసారి సోమమ్మను బల్ల దగ్గర నుంచి లేపి, అందరూ చూస్తుండగా గోడవారగా నిలబెట్టాడు. వనజ చేతిలో మూతలు అక్కడే పారేసి, విసవిసా మేనేజర్ బద్రీనాథ్ గదిలోకి వెళ్లింది. ముసలిదాన్ని పట్టుకుని పొద్దస్తమానం ఆడిపోసుకుంటున్నాడనీ, వాణ్ని తీసేయకపోతే తానే పోలీస్ స్టేషన్‌కు పోతాననీ చెప్పింది. బద్రీనాథ్‌కు గొడవంటే భయం. మందుల కంపెనీ వాళ్లు తనిఖీకి వచ్చే సమయం కూడా.

"ఈ వారమే పర్మినెంట్ చేద్దామనుకున్న. ఇగ వద్దులే. రేపటి నుంచి రాడు" అన్నాడు.

వనజకు కడుపు చల్లబడింది. షిఫ్టు వదిలాక గేటు బయట బొంతపల్లి ఆటో కోసం నిలబడ్డ సోమమ్మను పట్టుకుని, పీడ వదిలిందని చెప్పింది. సోమమ్మ మెచ్చుకుంటుందనుకుంది. ఆమె రోడ్డు పక్క సిమెంటు దిమ్మ మీద కూలబడిపోయింది.

"ఎంత పని జేస్తివి బిడ్డా."

"గసొంటోని మీద జాలేంది నీకు? నిన్ను మనిషి లెక్క సూసిండా వాడు?"

"నన్ను తిట్టుమన్నది నేనే" అంది సోమమ్మ. "కుమార్‌ను పొగుడుమన్నది, చిన్నరాములును సలహా అడుగుమన్నది, నీకు ఇడమర్చి చెప్పుమన్నది గూడ నేనే. ఎవల్నన్న ఒకల్ని గట్టిగ అనకుంటే కొత్తోని మాట ఎవ్వలు ఇనరు. మీరెవ్వలు పడేటోళ్లు గాదు. అందుకే నన్ను అనుమన్న."

వనజకు కోపం ఇంకా దిగలేదు. ఊరూ పేరూ తెలియని సూపర్‌వైజర్ కోసం అన్ని మాటలు పడాల్సిన ఖర్మ నీకేంటని నిలదీసింది.

సోమమ్మ గేటు వైపు చూసింది. నవీన్‌కుమార్ తల దించుకుని బయటికి వస్తున్నాడు.

"వాడు నా కొడుకు."