నెత్తుటి జడ

నీళ్లు పాడై ఊరందరి జుట్టూ రాలిపోయింది. ఎందుకో నా జడ మాత్రం నిలిచింది! పెళ్లయిన వారానికే దాన్ని విగ్గుల సంస్థకు దానమివ్వడానికి బయలుదేరాను. పొద్దున్నే మా ఆయన కుంకుడురసంతో తలంటారు, ఎంత మురిసిపోయానో!

సంస్థ గేటు దగ్గర ఒక దొంగ నా జడను చేతికి చుట్టుకుని, మెడ మీద కత్తి పెట్టాడు. నేను వాడి మణికట్టు కసుక్కున కొరికాను. నెత్తురు జడ మీదుగా కారింది. బండి ఆపి పరుగెత్తుకొచ్చిన మా ఆయన హెల్మెట్‌తో వాడి ముఖం చితక్కొట్టారు.

"చాలండీ, చచ్చిపోతాడు!"

లోపల జడ కోయించుకుంటే తల ఎంత తేలికైందో! యంత్రం అప్పటికప్పుడే విగ్గు అల్లేసింది. దాని కోసం కాచుకున్న ఆరేళ్ల స్నిగ్ధ మరక చూసింది.

"ఈ రక్తం ఎవరిదక్కా?"

"దొంగది. ఉండమ్మా, కడిగిస్తాను."

"వద్దు," అంటూ తలకు పెట్టేసుకుంది. "పోయినసారి నా విగ్గు పీక్కెళ్లినోళ్లు చూడాలి."