చెరుకు బండిలో చుట్టబట్ట

"గిది ఎవ్వతిది?"

చెరుకు బండిలోని గడ్డి కిందనుంచి లాగిన చుట్టబట్టను మొగుడి ముఖం ముందు ఆడించింది భూమవ్వ. నీళ్లకుండ కింద ఆడవాళ్లు నెత్తిన పెట్టుకునే గుండ్రటి కుదురే అది. ఎర్రంచు పాత చీరతో మెత్తగా, ముద్దుగా చుట్టి ఉంది. భూమవ్వ పెట్టెలో ఎర్రంచు చీరే లేదు మరి.

హన్మాండ్లు బండ్ల వరుస వైపు ఓసారి చూశాడు. "సెప్పనని ఒట్టు వెట్టిననే" అన్నాడు మెల్లగా.

ఇంకేముంది! మొగుడికి తెచ్చిన సద్దిగిన్నె ఠక్కున కింద పెట్టింది. "ఒట్లదాక వచ్చిందా? ఇయ్యాల తేలాలె. లేకుంటె గిటు నుంచి గిటే కందకుర్తికి, మా తల్లిగారింటికి పోత!" అంటూ బండ్ల వరుస వెంట నడిచింది.

లారీలు ఇంకా రాని రోజులు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరుకు తూచే కాంటా కోసం ఎడ్లబండ్లు కనుచూపుమేర నిలిచి ఉన్నాయి. బండ్లవాళ్లకు పొద్దు పోవడం లేదు. తేరగా పంచాయితీ దొరికితే వదులుతారా? అందరూ ఆమె వెనకే కదిలారు.

అందరికంటే ముందున్నది రాజమల్లు బండి. వాళ్ల ఊళ్లో ఏ తగువైనా ఆయనే తెంపాలి. ఎడ్ల పక్కన, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరో గోనెపట్టా పరిచారు.

"వద్దు. న్యాయం నిలవడే సెప్పాలె" అన్నాడు రాజమల్లు. ఎంత పెద్దమనిషి అని అందరూ తలలూపారు.

"నెల సంది మనిషి మనిషి లెక్క లేడు బాపూ" అంది భూమవ్వ. "నా సేతి కారం ముట్టడు. సల్ల వోసుకొని తింటడు. బండి ఉండంగ పక్కపొంటి నడుస్తడు. పొద్దుగాల సెంబు వట్టుకొని పోతె ఎంతకూ రాడు. అడిగితె తల వంచుకుంటడు. ఇగో, ఇయ్యాల గీ ఎర్రంచుది దొరికింది!"

చుట్టబట్టను ఆయన ముందుకు చాపింది. పైకి కోపమే గాని, లోపలంతా మొగుడు చేజారిపోతున్నాడన్న భయం.

రాజమల్లు దగ్గాడు. "ఓ పిచ్చిదానా, గది ఆడదాని ముచ్చట గాదు. మొలలు."

బండ్ల వరుసంతా గొల్లున నవ్వింది. హన్మాండ్లు ఎద్దు చాటుకు పోయాడు.

"నవ్వకుండ్రి!" గద్దించాడు రాజమల్లు. "పొద్దంత చెక్క మీద కూసునేటోనికి రాక ఎవలకొస్తయి? ఇనుండ్రి. కారం తగ్గియ్యాలె. ఆకుకూర, సల్ల, నీళ్లు దండిగ వడాలె. బయటికి పోతె బీడీ కాల్చుకుంట గంటలు కూసునుడు వద్దు, ముక్కుడు వద్దు. పనైతె లేవాలె. మాపటికి తొట్టిల గోరువెచ్చని నీళ్లు వోసి అందుల కూసుంటె పానం సుఖమైతది. నెత్తురు వడ్తె మాత్రం సిగ్గువడకుండ దవఖానల సూపియ్యాలె. అన్నీ మొలలే అనుకోని ఊకోవద్దు."

నవ్వులు ఆగిపోయాయి. "తొట్టిల ఎంతసేపు కూసోవాలె బాపూ?" అని వెనకనుంచి ఒకడు మెల్లగా అడిగాడు కూడా.

భూమవ్వ ఎద్దు చాటుకు నడిచింది. "నెత్తురు వడ్తున్నదా?"

హన్మాండ్లు తలూపాడు.

"నాకు సెప్తె ఏం పోయింది? నేనేమన్న పరాయిదాన్నా? కాంటా కాంగనే దవఖానకు పోదాం. మాపటికి గంగాళంల నీళ్లు నేను కాగవెడ్త."

హన్మాండ్లు హమ్మయ్య అనుకున్నాడు. నెల రోజుల తర్వాత మొదటిసారి హాయిగా నవ్వాడు. భూమవ్వ కూడా కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది. అంతలో చేతిలో ఉన్నది గుర్తొచ్చింది.

"అంత మంచిగనే ఉన్నది గని, మరి గీ ఎర్రంచుది ఎవ్వతిది?"

హన్మాండ్లు నేల చూశాడు. బండ్లవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రాజమల్లు మీసం సవరించుకున్నాడు, ఈ కాలి మీది బరువు ఆ కాలి మీదికి మార్చాడు, చివరికి చెయ్యి చాపాడు.

"గిటియ్యి బిడ్డా. కింద ఏసుకొని కూసునేతందుకు మా ఇంటిదాని పాత సీరెతోని నేనే సుట్టుకున్న. పొద్దుగాల వానికిచ్చిన సంది నిలవడే ఉన్న!"