తుఫాను వదిలేసిన ఇల్లు

అధికారి లాంచీ దిగేలోపు ఇల్లు కూలాలి. అదీ పథకం.

ద్వీపంలో నూట నలభై ఇళ్లను ఒక్క పూటలో నేలమట్టం చేసిన తుఫాను, తాపీమేస్త్రి ఇంటి దగ్గర మాత్రం పని ఎగ్గొట్టింది. పెంకు జారలేదు, గడియ ఊడలేదు. పదకొండేళ్లపాటు, తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో వరుస పేర్చి కట్టుకున్న ఇల్లది. అంత బుద్ధిగా కట్టినవాడికి శిక్ష పడకుండా ఉంటుందా?

ఆ శిక్ష కబురు మోసుకొచ్చినవాడు బావమరిది. వాడూ మేస్త్రే. వాడు కట్టిన ఇళ్లు, సొంతిల్లుతో సహా, గాలి దాకా ఆగకుండా మబ్బు చూసే కూలిపోయాయి. అవతలి ఒడ్డున ఉన్న సహాయ కార్యాలయానికి పడవలో వెళ్లి, రెండు రోజులు వరుసలో నిలబడి, అంతా కనుక్కొచ్చాడు. వస్తూ వస్తూ కొత్త సమ్మెట కూడా తెచ్చాడు. ముందుచూపున్న మనిషి.

"కూలిన ఇంటికి కొత్త ఇల్లు, పనిముట్లు, ఏడాదికి సరిపడా తిండిగింజలు ఇస్తారు బావా. నిలబడ్డ ఇంటికి ఒక నమస్కారం."

"ఏరా, నిలబడటం కూడా తప్పేనా?"

"తప్పని ఎవరంటారు? బాధితుడివి కాదంటారు, అంతే."

మేస్త్రి భార్య పొయ్యి వైపు చూసింది. తాపీలు, పలుగు, పడవ, పెరటి కోళ్లు, అన్నిటినీ అలలు పట్టుకుపోయాయి. డబ్బాలో ఉన్న గింజలు ఇద్దరు ఆడపిల్లలకు నాలుగు రోజులైనా రావు.

"గోడలు గట్టివే, కాదనను. కొరుక్కు తింటామా?" అంది.

మేస్త్రి సమ్మెట అందుకున్నాడు.

ఊరంతా రేవు దగ్గర గుడారాల్లో ఉంది కాబట్టి చూసేవాళ్లు లేరు. తుఫాను గంటలో చేసే పనికి మనుషులకు మూడు రోజులు పట్టింది. రాయి రాయినీ బతిమాలి, తన పనితనాన్ని తానే తిట్టుకుంటూ, తన చేతి గట్టిదనాన్ని తన చేత్తోనే పగలగొట్టాడు మేస్త్రి. బావమరిది మాత్రం అలుపన్నది ఎరగలేదు. ఎక్కడ తడితే గోడ కూలుతుందో వాడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

"సొంతిల్లు కట్టుకున్నప్పుడు కూడా ఇంత కష్టపడలేదురా నువ్వు" అంది అక్క, దుమ్ము పడ్డ కళ్లు తుడుచుకుంటూ.

"అప్పుడు బాధ్యత తెలియదులే అక్కా" అన్నాడు వాడు వినయంగా.

దూలం నేలకు జారినప్పుడు పెద్దపిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఆ ఏడుపు దాచుకో తల్లీ, అధికారి వచ్చాక పనికొస్తుంది" అని మేనమామ ఓదార్చాడు.

నాలుగో రోజు పొద్దున్నే అధికారి దిగాడు. రాళ్లకుప్ప మీద కుటుంబమంతా బాధితుల్లా కుదురుగా కూర్చుంది. ఆయన వాళ్లను చూడలేదు. చేతిలో కాగితం, చుట్టూ చూపు.

"మేస్త్రీ, ద్వీపం మొత్తంలో నిలబడ్డ ఇల్లు నీదొక్కటే అన్నారు. ఏదీ?"

"కూలిపోయిందయ్యా." అది అబద్ధం కాదు గనుక గొంతు వణకలేదు.

అధికారి నిట్టూర్చాడు. "అయ్యో. తుఫానుకు తట్టుకున్న ఇల్లు ఎవరు కట్టారో, ఊళ్లో ఇళ్లన్నీ కట్టే పని వాళ్లకే ఇవ్వమని ఉత్తర్వు. అలాంటి ఇల్లే లేకపోతే, ముందు దరఖాస్తు పెట్టినవాళ్లకు పోతుంది."

మేస్త్రి భార్య చటుక్కున వెనక్కి తిరిగింది. ఇంతసేపూ అక్కడే ఉన్న తమ్ముడు ఇప్పుడు కనిపించలేదు.

"ఆ ముక్క ముందే చెప్పి ఉంటే బాగుండేది కదయ్యా" అన్నాడు మేస్త్రి.

"చెప్పకేం? మీ అందరికీ చెబుతానంటే మీ బావమరిదికి రెండుసార్లు చదివి వినిపించాను. దరఖాస్తు అప్పుడే పెట్టాడు, మీ కొత్త ఇల్లు కట్టబోయేది కూడా అతనే."