పున్నమ్మకి కారేజీ

పక్కకి జరుపుదామని కారేజీ ఎత్తిన వరప్రసాదరావు మేష్టారు తూలి పడబోయాడు. బరువుంటుందనుకున్న మూడు గిన్నెల కారేజీ చేతికి తెలియకుండానే పైకి లేచింది. మూత తీసి చూశాడు. పైగిన్నెలో ఏమీ లేదు. నడిమిగిన్నెలో లేదు. అడుగుగిన్నె తోమింది తోమినట్టే ఉంది.

"సౌభాగ్యం! ఇదేమిటే, పున్నమ్మకి పట్టుకెళ్ళే అన్నం ఏదీ?"

చెప్పులు తొడుక్కుంటున్న భార్య సౌభాగ్యమ్మ గతుక్కుమంది. వీధి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"అన్నమెక్కడిదండీ. మూణ్ణెల్లనించీ ఖాళీదే మోస్తున్నా."

"ఎందుకూ?"

"డాక్టరమ్మ అన్నది మీరూ విన్నారుగా. జారిన పేగు సర్ది పొట్ట కుట్టేశాం, ముప్ఫై పౌన్లు తగ్గాలి, రోజూ రెండు మైళ్ళు నడవాలి, ఒళ్ళు పెరిగి కుట్లు తెగాయంటే రెండోసారి నేను కత్తి పట్టను, అంది. సరే కదాని మొదటిరోజు ఉత్త చేతుల్తో బయల్దేరా. చందర్లపాడు రోడ్డెక్కేలోపల పదకొండుమంది ఆపారండీ! ఎక్కడికమ్మా, ఎక్కడికమ్మా అని. ఊరికే నడుస్తున్నా అంటే నవ్వారు. పక్కవీధి రత్నమణి అయితే మీరు నన్ను కొట్టారనుకుని, వాళ్ళింట్లో పడుకోమని చెయ్యి పట్టుకు లాగింది."

మేష్టారికి నవ్వాగలేదు. కాని ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ రోజుల్లో నందిగామలో పనుండి నడిచేవాళ్ళే గాని, నడకే పనిగా నడిచేవాళ్ళు లేరు. అందులోనూ మేష్టారి భార్య, నిండైన మనిషి, వట్టి చేతులతో ఊరి చివరిదాకా వెళ్ళి వట్టి చేతులతో తిరిగొస్తే నలుగురూ నోరు మూసుకుని కూర్చుంటారా?

"మర్నాడు కారేజీ పట్టుకున్నా. ఎవరికమ్మా అన్నారు. ఊరవతల దిక్కూమొక్కూ లేకుండా ఉండేది పున్నమ్మత్త ఒక్కతేగా, నోటికి ఆ పేరే వచ్చింది. అంతే, ఇంకెవరూ ఆపలేదు. ఆమె గుడిసెకి ఇవతల తూము ఉందే, అక్కడిదాకా వెళ్ళి వెనక్కి తిరిగి వస్తున్నా."

"మరి పోయిన ఆదివారం గుడిలో ఆరాధనయ్యాక సంఘపెద్ద కృపారావుగారు నిన్ను మెచ్చుకుని అందరిచేతా స్తోత్రం చెప్పించారే! పున్నమ్మ అక్కడే ఉందిగా?"

"ఉంది. ఆమె నోరు తెరిస్తే నా పరువేం కాను? నేను తలెత్తితే ఒట్టు. ఆ రోజే మానేద్దామనుకున్నా. కానీ ఒళ్ళు తేలికపడిందండీ. వంగి నా చెప్పులు నేనే తొడుక్కుంటున్నా. ఒక్కరోజు నడవకపోతే ఏదో పారేసుకున్నట్టుంటంది. ఈ కారేజీ లేకుండా మాత్రం గడప దాటలేను."

మేష్టారు నవ్వు ఆపేశాడు. ఆపరేషన్ రోజున ఆసుపత్రి వరండాలో తను ఏడ్చిన ఏడుపు ఆయనకింకా గుర్తే. ఏమైనా సరే, ఈ మనిషి నడక ఆగకూడదు. వంటింట్లోకి వెళ్ళి, రాత్రికని వండి దించిన అన్నం, గోంగూర పప్పు, ఇంత మజ్జిగ తన చేత్తోనే గిన్నెల్లో సర్ది తెచ్చాడు.

"ఇవాళ్టినించీ నిజంగానే పెట్టు. నడకా నిలుస్తుంది, మాటా నిలుస్తుంది."

ఆ సాయంత్రం సౌభాగ్యమ్మ దర్జా చూడాలి. అడిగినవాళ్ళకే కాదు, అడగనివాళ్ళకి కూడా నిలబడి మరీ చెప్పింది, పున్నమ్మత్తకి పప్పూ అన్నం అని. మొదటిసారి తూము దాటింది. గుడిసె ముందు మూడు రాళ్ళ పొయ్యి మీద చిన్న ముంతలో జొన్నగంజి ఉడుకుతోంది.

"వచ్చావా అమ్మా," అంది పున్నమ్మ, రోజూ వచ్చే మనిషిని పలకరించినట్టు.

సౌభాగ్యమ్మ కారేజీ విప్పి ముందు పెట్టింది. పున్నమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. తర్వాత పెద్ద పెద్ద ముద్దలు కలిపి తినసాగింది. అది ఒక్క పూట ఆకలిలా లేదు.

"అత్తా, గంజి తాగుతున్నావేం? సంఘం బియ్యం ఇస్తున్నారుగా?"

వాళ్ళ క్రైస్తవ సంఘంలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టి, ఆదివారం గుడిలో ఇస్తుంది. ఆ బియ్యాన్ని పెద్దలు దిక్కులేని విధవరాళ్ళకి పంచుతారు.

"నా వంతు ఆపేశారుగా. రెణ్ణెల్లు దాటింది."

"ఎవరు? ఎందుకు?"

"కృపారావుగారే. పున్నమ్మకి సౌభాగ్యమ్మ రోజూ కారేజీ తెస్తంది, ఆ బియ్యం ఇంకొకళ్ళకిద్దాం అన్నారు."

సౌభాగ్యమ్మ అక్కడే మట్టిలో కూలబడింది. తన సిగ్గు దాచుకోవడానికి ఈ ముసలిదాని నోటి దగ్గర కూడు లాగేసింది. ఏడుపు పొంగుకొచ్చింది.

"అయ్యో అత్తా! నేను తేవట్లేదని ఒక్క మాట చెప్పొచ్చుగా! గుడిలో అందరి ముందూ కడిగెయ్యొచ్చుగా!"

పున్నమ్మ ఎడంచేత్తో ఆమె కళ్ళు తుడిచింది.

"చెబితే సిగ్గుపడి ఆ తూము దాకా వచ్చే నడక కూడా మానేస్తావుగా తల్లీ. పెద్ద ఆపరేషనైన మనిషివి. నీ కోసం ఉపవాస ప్రార్థన చేస్తన్నాలే అనుకున్నా."