పన్నెండడుగుల మడి

"గోడ పక్కన మట్టి వద్దంటే వినరేం? నల్లరాయి పరవండి," అన్నాడు ఆర్కిటెక్టు, ప్లాను మీద పెన్సిలుతో కొడుతూ.

"అక్కడ గోడ పొడవునా పన్నెండడుగుల వెడల్పున మడి కావాలి సార్. మెత్తటి మట్టి, గుబురు పొదలు," అంది తోట డిజైనరు.

ఎదురుగా అతను కట్టిన కొత్త బడి. రెండంతస్తుల తెల్ల కాంక్రీటు, ఎక్కడా వంకర లేదు. పైన డాబాకి మోకాలెత్తు పిట్టగోడ. దాని ఫొటో పత్రికల్లో పడినప్పటి నుంచీ అతని కాళ్లు నేల మీద ఆనడం లేదు.

"బిల్డింగు రాయిలోంచి కత్తిలా లేవాలి. మీరేమో దాని కాళ్లకి దుప్పటి కప్పుతానంటారు! మొన్న తీగలు పాకించాలని డాబాకి రెయిలింగ్ అడిగారు."

"మీరు ఒప్పుకోలేదుగా."

"ఎలా ఒప్పుకుంటాను? ఆ గీత చెడితే ఇంకేం మిగిలింది?"

మిగతా తోటంతా అతనికి నచ్చినట్టే గీసింది: స్కేలు పెట్టి కోసినట్టుండే కంచెమొక్కలు, నడుమ సన్నటి నీటి కాలువ, రెండు పక్కలా సమంగా చెట్లు. ఈ ఒక్క మడి దగ్గర మాత్రం పట్టిన పట్టు వదల్లేదు. దీనికోసం పని పోయినా సరే అనుకుంది.

"మట్టి ఎలా ఉండాలో చూపిస్తాను, తర్వాత మీ ఇష్టం," అని మేస్త్రీని పిలిచింది. "ఆ మట్టిమూట డాబా మీంచి కిందికి తోసెయ్. ముందు తూచు. సరిగ్గా నలభై రెండు కిలోలుండాలి."

"మట్టికి కూడా తూకమేంటమ్మా, బంగారమా?" మేస్త్రీ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మూట గోడకి ఆరడుగుల దూరంలో పడి పగిలిపోయింది. ఆమె మొహం తిప్పేసుకుంది. తర్వాత తనే పలుగు పట్టి, ఆ చోటంతా రెండడుగుల లోతున గుల్ల చేసి, ఎండుటాకులు కలిపి, పైన పొదలు నాటింది. సాయంత్రం అదే తూకంతో ఇంకో మూట వదిలారు. పొదల్లో కూరుకుపోయింది గాని పగల్లేదు. ఆమె మోకాళ్ల మీద కూలబడి ఆ మూటని నిమిరింది.

ఆర్కిటెక్టుకి విసుగూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "మీ మొండితనానికో దండం. పన్నెండడుగులూ తీసుకోండి. ఇంతకీ ఆ నలభై రెండు లెక్కేంటి?"

"ఆ బరువు నాకు తెలుసు సార్," అని ఆమె చేతుల మట్టి దులుపుకుంది.

పోయినేడు ఇలాంటి పిట్టగోడ మీంచి పడి చనిపోయిన ఆమె కూతురి బరువది.