నూట ఐదో గెలుపు

ఆట మొదలవడానికి గంట ముందు నోరీన్ ఫోన్ చేసింది.

"డ్యువీ, ఆయన ఇవాళ మైదానానికి రాలేరు."

అసిస్టెంట్ కోచ్ డ్యువీకి ఆశ్చర్యమేమీ కలగలేదు. హెడ్ కోచ్ హార్లన్ గొంతులో పుట్టిన క్యాన్సర్ వేసవిలోనే మాట లాగేసుకుంది. ఈ నెలలో నడకా పోయింది. ఆయన పెదవుల కదలిక చూసి అర్థం చెప్పగలిగేది భార్య ఒక్కతే.

"నేను నడిపిస్తాను నోరీన్ గారూ. ఆట గురించి దిగులు పడకండి."

"దిగులు అది కాదు. గెలిస్తే ఎవరి లెక్కలో పడుతుంది? నీదా, ఆయనదా?"

"ఆయనదే. మైదానంలో ఎవరు నిలబడ్డా, పదవిలో ఉన్నవాళ్ళదే గెలుపు. చివరి విజిల్ దాకా హెడ్ కోచ్ ఆయనే కదా."

అవతల టీవీ శబ్దం పెరిగింది.

"అయితే ఫోన్ దగ్గర పెట్టుకో. టీవీ పెట్టాను. ఏం చెయ్యాలో చెబుతుంటాను."

అమెరికాలో నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య చిన్న కాలేజీ అది. ఆట అమెరికన్ ఫుట్‌బాల్, బంతిని చేత పట్టుకుని దూసుకెళ్ళి గీత దాటించేది. ఇరవై ఒక్క ఏళ్ళలో హార్లన్ గెలిచినవి నూట నాలుగు, ఓడినవి నూట నాలుగు. లాభమూ లేదు, నష్టమూ లేదు. ఇవాళ్టితో దుకాణం కట్టేస్తున్నాడు. స్టేడియం గోడ మీది ఇత్తడి రేకుపై పేరు కింద ఆ రెండు అంకెలూ చెక్కుతారు. ఏది పెద్దదో చూసి ఊరు మనిషిని తూస్తుంది. ఓటముల అంకె పెద్దదైన అంతకుముందు కోచ్ పేరెత్తితే మంగలి షాపులో ఇప్పటికీ నవ్వుతారు.

హార్లన్‌ది చిల్లర బేరం. బంతిని ముందుకు తీసుకెళ్ళడానికి దక్కేవి నాలుగు ప్రయత్నాలు; నాలుగోదాని దాకా వస్తే సాహసం చెయ్యడు. బంతిని స్తంభాల మధ్యకు తన్నించి, వచ్చిన మూడు పాయింట్లు జేబులో వేసుకుంటాడు. ఆ పిరికితనంతోనే సగం ఆటలు పోగొట్టావని భోజనాల బల్ల దగ్గర నోరీన్ సాధించేది.

చివరి నిమిషం. జట్టు మూడు పాయింట్లు వెనకబడి ఉంది. గీత రెండు గజాల దూరం. నాలుగో ప్రయత్నం. తన్నితే సమానం, ఆట ఇంకా సాగుతుంది. దూసుకెళ్ళి గీత దాటితే గెలుపు. ఆగిపోతే అంతే సంగతులు.

"తన్నండ్రా బాబూ," వెనకనుంచి ఎవరో అరిచారు. "ముసలాయన మంచం మీంచి చెప్పేదీ అదే."

ఫోన్ మోగింది.

"తన్నొద్దు డ్యువీ. దూసుకెళ్ళమను."

డ్యువీ ఫోన్ చెవికి నొక్కుకున్నాడు. "కోచ్ అన్నారా?"

"ఆయన పక్కనే కూర్చున్నాను."

"ఇంకొక్కసారి అడగండి. జన్మలో ఆయన ఇలా..."

"అడిగేదేం లేదు. కానియ్."

కుర్రాళ్ళు గుట్టగా పడ్డారు. గుట్ట అడుగున బంతి గీతకు అవతల ఉంది. రిఫరీ రెండు చేతులూ పైకెత్తాడు.

గెలిచిన బంతి ఒళ్ళో పెట్టుకుని డ్యువీ కోచ్ ఇంటికి కారు తోలాడు. నోరీన్ తలుపు తీసింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చేశాను."

"ఎక్కువైందా?"

"గెలిచాం కదా డ్యువీ. వెళ్ళు, నీ చేత్తో ఇవ్వు."

గదిలో పరదాలు దించి ఉన్నాయి. జట్టు టోపీ పెట్టుకుని, దిండుకు ఆనుకుని, టీవీ వైపు తిరిగి ఉన్నాడు హార్లన్.

"నూట ఐదు, కోచ్," అంటూ డ్యువీ బంతిని ఆ చేతుల్లో పెట్టబోయాడు. అందుకోవలసిన వేళ్ళు ఎప్పుడో పొద్దున్నే చల్లబడి బిగుసుకుపోయి ఉన్నాయి.