నాలుగో డబ్బా

"ఇది నీలమా? పాచిలా ఉంది!" అని సైన్సు మాస్టారు గోడకేసి వేలు చూపించారు.

పెయింటరు కుంచె దించాడు. "ఇది నాలుగో డబ్బా మాస్టారూ. అమ్మగారు ఏరిన రంగే. కార్డు పక్కన పెట్టి చూడండి."

మాస్టారు రంగుల కార్డును బల్బు కింద పెట్టి చూశారు. అదీ పాచిలాగే ఉంది.

"కార్డూ పాడైపోయింది. ఆవిడ చూపించినప్పుడు అచ్చం ఆకాశంలా ఉండేది. ఈ గదికి అదే వేయించమని చెప్పి మరీ వెళ్ళిపోయింది."

"ఎక్కడ కూర్చుని ఏరారు?"

"ఆ కిటికీ దగ్గర. పొద్దున పూట."

భార్య పోయాక ఐదు నెలలుగా ఆ కిటికీకి గడియ పడే ఉంది. గదిలో ఉన్న వెలుగల్లా ఒక్క పసుప్పచ్చ బల్బుదే.

"మా చెల్లికి మీరే చెప్పారటగా, వస్తువుకి రంగెలా వస్తుందో?"

"దానిమీద పడ్డ వెలుగులో కొంత తిప్పి పంపుతుంది. మన కంటికి చేరే ఆ వెలుగే రంగు. అసలు పడని వెలుగుని ఎలా పంపు..."

మాస్టారు ఆగిపోయారు. ఈ బల్బు వెలుగులో నీలం ఉండేదే తక్కువ. ముప్పై ఏళ్ళు బల్ల గుద్ది చెప్పిన పాఠం!

ఆయనే లేచి వెళ్ళి గడియ లాగారు. అది మొరాయిస్తే పెయింటరు ఓ చెయ్యి వేశాడు. ఎండ లోపలికొచ్చింది. గోడ ఆకాశమైంది.

మాస్టారు కార్డు తెచ్చి గోడ పక్కన పెట్టి చూశారు. "ఈ నాలుగో డబ్బా సరిగ్గా కుదిరిందోయ్."

పెయింటరు తల గోక్కున్నాడు. "కోప్పడకండి మాస్టారూ. నాలుగుసార్లూ తెచ్చింది ఆ మొదటి డబ్బానే."

మాస్టారికి నవ్వొచ్చింది.

"కిటికీకి రంగు వేసేటప్పుడు తెరిచే ఉంచు," అన్నారు. "మళ్ళీ అంటుకుపోతుంది."